అన్న దుబాయ్ పోయాడు, కార్వానీ కుక్క నాకు మిగిలింది

ప్రశ్న: డాక్టర్ సార్, నమస్తే. మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. మా అన్న రెండేళ్ల కింద ముధోల్ జాతి అని చెప్పి ఒక మగ కుక్కపిల్లను తెచ్చి ప్రాణంగా పెంచాడు. పేరు టైగర్. మూడు నెలల కింద అన్న దుబాయ్ పోయాడు. అప్పటి నుంచి అది సగం తిండే తింటోంది. పక్కటెముకలు కనిపిస్తున్నాయి. కాంటా మీద పెడితే 24 కిలోలు తూగింది. "కుక్కకు తిండి పెడుతలేరా?" అని చూసినవాళ్లంతా అడుగుతున్నారు. పోయిన నెల గొలుసు తెంపుకుని పక్కింటివాళ్ల నాలుగు కోళ్లను చంపింది. అప్పటి నుంచి రాత్రింబగళ్లు కట్టేసే ఉంచుతున్నాం. రాత్రంతా ఏడుస్తుంది. మొన్న మా అక్క కొడుకు ముట్టుకోబోతే గుర్రుమంది. అన్న దోస్తులు "మాకియ్యండి, కుందేళ్ల వేటకు, పందుల వేటకు తీసుకుపోతాం" అంటున్నారు. అమ్మ ఇచ్చేద్దామంటోంది. నాకు మనసు ఒప్పడం లేదు. ఇంట్లో ఉండేది అమ్మ, నేను. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఏం చేయమంటారు? అసలు ఇది మన నిర్మల్ దగ్గరి ముధోల్ కుక్కేనా?
— ఒక చెల్లెలు, జగిత్యాల జిల్లా

జవాబు:

బిడ్డా, ముందుగా ఒక్క మాట. టైగర్‌ను మీ అన్న దోస్తులకు ఇవ్వకండి. ఎందుకో కింద చెబుతాను.

తిండి పెట్టడం లేదన్న మాటలకు నువ్వు బాధపడాల్సిన పని లేదు. రెండేళ్ల మగ కార్వానీకి (ముధోల్ కుక్కకు పల్లెల్లో ఉన్న పేరు ఇది) 24 కిలోలు తక్కువ బరువేమీ కాదు. 30 ఏళ్లు పశువైద్యశాలల్లో పనిచేశాను. ఈ జాతి కుక్కను తీసుకొచ్చి "సార్, బక్కచిక్కిపోతోంది, బలానికి ఏమన్నా రాయండి" అని అడిగినవాళ్లు చాలామంది. చేయి వేసి చూస్తే వాటిలో ఎక్కువ భాగం ఇనుప ముక్కల్లా ఉండేవి. వీటి ఒంటి తీరే అంత. ఛాతీ లోతుగా, నడుము పిడికెడుగా, చర్మం పల్చగా ఉంటుంది. చర్మం కింద కొవ్వు దాదాపు ఉండదు. చివరి రెండు మూడు పక్కటెముకలు కనబడడం, తుంటి ఎముకల మొనలు తెలియడం ఆరోగ్యమే. నువ్వు చూడాల్సింది తొడలు, వీపు. తొడ కండ గట్టిగా, నిండుగా ఉందా? వెన్నెముకకు రెండు పక్కలా కండ ఉందా? ఉంటే ఎవరేమన్నా పట్టించుకోకు. వెన్నుపూసలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టేలా బయటికి వచ్చినా, తొడలు జారిపోయినా అప్పుడు భయపడాలి. ఊళ్లోవాళ్ల మాటలకు లొంగి దానికి నెయ్యి, అన్నం కుక్కి లావు చేస్తే ఆ సన్నటి కాళ్ల మీదే భారం పడుతుంది.

నాకు అనుమానంగా ఉన్నది బరువు కాదు, తిండి తగ్గడం. మూడు నెలలుగా సగమే తింటోందంటే అన్న మీద బెంగ అని మనమే తేల్చేయకూడదు. మన వైపు కుక్కలకు పిడుదుల జ్వరం చాలా ఎక్కువ. పిడుదు కుట్టినప్పుడు రక్తంలోకి చేరే సూక్ష్మజీవుల వల్ల అది వస్తుంది. ఒక్కోసారి నెలల తరబడి లోపలే ఉండి కొద్దికొద్దిగా తినేస్తుంది. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో చూడు. పెదవి పైకెత్తి చిగుళ్లు చూడు. గులాబీ రంగులో ఉండాలి. పాలిపోయి తెల్లగా ఉన్నా, ముక్కు నుంచి రక్తం వచ్చినా, ఒంటి మీద ఎర్రటి చుక్కలు కనబడినా ఆలస్యం చేయకుండా దగ్గరి పశువైద్యశాలకు తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించు. ఇవేవీ లేకున్నా ఒకసారి చూపించడం మంచిది. మనం వాడే జ్వరం గోలీలు, నొప్పి గోలీలు మాత్రం వేయొద్దు. కుక్కల కాలేయానికి, కిడ్నీలకు వాటితో ప్రమాదం.

ఇక నిర్మల్ సంగతి. ఈ అనుమానం చాలామందికి ఉంటుంది. నిర్మల్ జిల్లాలో, బాసర దగ్గర మనకూ ఒక ముధోల్ ఉంది. కానీ ఈ కుక్కకు పేరిచ్చిన ముధోల్ కర్ణాటకలో, బాగల్‌కోట్ జిల్లాలో ఉంది. ఒకప్పుడు అది ఘోర్పడే వంశం ఏలిన చిన్న సంస్థానం. ఆ రాజు మాలోజీరావు ఘోర్పడే పల్లెల్లోని ఈ వేటకుక్కలను చేరదీసి జాతిని నిలబెట్టాడని, ఇంగ్లండులో ఐదో జార్జికి ఒక జతను బహుమతిగా ఇస్తే అక్కడివాళ్లు వీటిని ముధోల్ కుక్కలని పిలిచారని చెప్పుకుంటారు. పల్లెల్లో వీటి పాత పేరు కార్వానీ. కార్వాన్ అంటే బిడారు. హైదరాబాదులో కార్వాన్ పేట ఉంది కదా, అదే మాట. పశ్చిమాసియా, మధ్య ఆసియాల నుంచి వచ్చిన వర్తకుల, సైనికుల బిడారుల వెంట సలూకీ, తాజీ వంటి వేటకుక్కలు దక్కనులోకి వచ్చాయని, వాటి సంతతి ఇక్కడి ఎండకు, రాళ్ల నేలకు అలవాటు పడి కార్వానీ అయిందని అంటారు. సలూకీని లోకంలోని అతి పాత జాతుల్లో ఒకటిగా లెక్కిస్తారు. వేల ఏళ్ల కిందటి ఈజిప్టు సమాధుల గోడల మీద కూడా ఇలాంటి సన్న నడుము, పొడవు మూతి వేటకుక్కల బొమ్మలున్నాయి. 2005లో మన తపాలా శాఖ నాలుగు దేశీ జాతులతో బిళ్లలు వేసింది. హిమాలయన్ షీప్‌డాగ్, రాంపూర్, రాజపాళయంతో పాటు ముధోల్ కూడా వాటిలో ఉంది. ఆ తర్వాత మన సైన్యం కూడా మీరట్‌లోని తన కేంద్రంలో ముధోల్ పిల్లలకు శిక్షణ ఇచ్చింది. మీ ఇంటి వెనుక గొలుసుకు కట్టి ఉన్నది ఇంత పాత వంశం. మన దగ్గర ముధోల్ అని అమ్మేవాటిలో సంకరాలు చాలా ఉన్నాయి, టైగర్ ఎంత స్వచ్ఛమైనదో చూడకుండా చెప్పలేను. స్వచ్ఛమైనదైనా, సంకరమైనా నువ్వు చేయాల్సింది ఒకటే.

కోళ్ల విషయానికి వస్తాను. చాలా కుక్కలు ముక్కుతో వేటాడతాయి. వాసన పట్టి, నేల మూచూస్తూ, నిదానంగా పోతాయి. కార్వానీ కంటితో వేటాడుతుంది. దాని తల పొడవుగా, సన్నగా ఉండి కళ్లు కొంచెం పక్కకు ఉంటాయి. మనకన్నా చాలా వెడల్పుగా చూడగలదు. దూరాన ఏదన్నా కదిలి పరుగెత్తిందా, ఇంకేం ఆలోచించదు, దూకుతుంది. నిండు వేగంలో ఉన్నప్పుడు ఒక్క అంగలో రెండుసార్లు దాని నాలుగు కాళ్లూ గాలిలోనే ఉంటాయి. ఒకసారి కాళ్లు ముడుచుకుని, ఇంకోసారి బారజాపి. ఆ క్షణంలో నువ్వు పిలిచినా దాని చెవికి ఎక్కదు. మీ అన్న పిలిచినా అంతే. కోళ్లు దాన్ని చూసి బెదిరి రెక్కలు కొట్టుకుంటూ పరుగు తీసి ఉంటాయి. కోపంతోనో, ఆకలితోనో చంపలేదు. అందుకని దాన్ని కొట్టి లాభం లేదు. ఎందుకు కొట్టావో దానికి తెలియదు, నువ్వంటే భయం మాత్రం మిగులుతుంది. పక్కింటివాళ్లకు నాలుగు కోళ్ల ధర ఇచ్చి, అమ్మను వెంటబెట్టుకుని వెళ్లి మంచిగా మాట్లాడి రండి. కోళ్లతో ఇది ఎప్పటికీ స్నేహంగా ఉంటుందని మాత్రం ఆశ పెట్టుకోకు. పిల్లప్పటి నుంచి కోళ్ల మధ్య పెరిగినవే కొన్ని సర్దుకుంటాయి. రెండేళ్ల వయసులో, ఒకసారి చంపాక, నమ్మడానికి లేదు. మేక పిల్లలు, పిల్లులు కూడా అంతే.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన మాట "రాత్రింబగళ్లు కట్టేసే ఉంచుతున్నాం" అన్నది. మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ టైగర్ ఏడుపుకు, గుర్రుకు, బహుశా తిండి మానడానికీ సగం కారణం ఆ గొలుసే. రోజుకు కాసేపు గుండెలు అదిరేలా పరుగెత్తి, తర్వాత గంటల కొద్దీ నిద్రపోయే జంతువు ఇది. నిజానికి ఇంట్లో కార్వానీ అంత నెమ్మదైన కుక్క ఇంకోటి ఉండదు, ఆ పరుగు తీరితే. అది తీరకపోతే మనిషిని చీకటి గదిలో పెట్టినట్టే. కట్టేసి ఉంచే కుక్కకు యజమాని వ్యాయామం లేకుండా చేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

విప్పి వదిలేయమని మాత్రం కాదు. ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పాలి.

నా దగ్గర ఒక ఆడ కార్వానీ ఉండేది. లేత గోధుమ రంగు. నేను డ్యూటీ నుంచి వచ్చే బండి చప్పుడు వీధి చివర్లోనే పట్టేది. ఒక వానాకాలం సాయంత్రం చేన్ల దిక్కు తీసుకెళ్లి, ఎవరూ లేరు కదా అని తాడు విప్పాను. గట్టు మీద కుందేలు లేచింది. రెండు మడులు దాటి మక్కచేనులోకి పోయింది. ఒక్క అరుపు వినబడింది. అడవి పందుల కోసం చేను చుట్టూ కట్టిన కరెంటు తీగ అది. నేను డాక్టర్ని, చేతిలో సంచి కూడా ఉంది. చేయడానికి ఏమీ లేకపోయింది. ఆ తీగ కట్టిన రైతు మీద నాకు కోపం రాలేదు. పంట పోతున్న మనిషి బాధ నాకు తెలుసు. తాడు విప్పిన చేయి నాది. ఇప్పటికీ మక్కచేనులో గాలి వీచిన చప్పుడు వింటే ఆ అరుపు గుర్తొస్తుంది.

అలా కరెంటు తీగలు కట్టడం నేరం. వాటికి మనుషులు కూడా బలవుతున్నారు. అయినా మన జిల్లాల్లో పంట చేతికొచ్చే రోజుల్లో కడుతూనే ఉన్నారు. అందుకే పంట ఉన్న కాలంలో, కంచె లేని చోట, కార్వానీని ఒక్క నిమిషం కూడా విప్పకు. పందులకు పెట్టే ఉచ్చులు, పత్తిచేన్లలో కొట్టే పురుగుమందులు కూడా ఉంటాయి.

మరి పరుగు ఎట్లా? మీకు దొడ్డి ఉందో లేదో రాయలేదు. ఉంటే ఆరడుగుల ఎత్తు జాలీ కట్టించడం అన్నిటికన్నా మంచిది. నాలుగడుగుల గోడ దానికి ఒక లెక్క కాదు. ఖర్చు మీ అన్నను అడుగు, కాదనడు. దొడ్డి లేకపోతే ఊరి బడికి ప్రహరీ ఉంటుంది కదా, హెడ్‌మాస్టర్ గారిని అడిగి పొద్దున బడి మొదలవక ముందు ఒక అరగంట గేటు వేసి వదలొచ్చు. కోసిన వరి మడి ఖాళీగా ఉందని అక్కడ పరుగెత్తించకు. మిషన్ కోసిన కొయ్యకాళ్లు కత్తుల్లా ఉంటాయి. ఈ కుక్కల చర్మం కాగితంలా చీలుతుంది, పాదాలు కోసుకుపోతాయి. నున్నటి కల్లం, బడి మైదానం మేలు.

వారానికి మూడు నాలుగు సార్లు అలా విడిగా పరుగు, మిగిలిన రోజుల్లో పొద్దున, సాయంత్రం తాడుతో అరగంట చొప్పున నడక చాలు. ఎండాకాలంలో పొద్దున ఆరు గంటలకే తిరిగి ఇంటికి వచ్చేయాలి. అరచేతి వెనుక భాగం నేల మీద ఆనించి చూడు, నీకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది.

మెడ పట్టీ గురించి జాగ్రత్త. ఈ జాతికి మెడ కన్నా తల సన్నం. మామూలు పట్టీ వెనక్కి లాగితే తల నుంచి జారిపోతుంది. రెండు అంగుళాల వెడల్పున్న మెత్తటి పట్టీ, లేదా లాగితే బిగిసే రకం తీసుకో. దానితో పాటు ఛాతీ బెల్టు కూడా వేస్తే నిశ్చింత. తాడును చేతికి చుట్టుకోవద్దు. 24 కిలోల కుక్క ఒక్కసారి దూకితే నీ మణికట్టు పోతుంది. పొడవాటి తాడు కట్టి పరుగెత్తనివ్వడం కూడా వద్దు. నిండు వేగంలో తాడు అయిపోయి మెడ మీద పడే దెబ్బ చాలా ప్రమాదం.

అన్న దోస్తుల సంగతి. వాళ్లు చెడ్డవాళ్లని నేను అనడం లేదు. కానీ కుందేలైనా, అడవి పంది అయినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. తరమడం, పట్టడం, అలా ప్రయత్నించడం కూడా వేటే. అడవి శాఖ వాళ్లు పట్టుకుంటే కుక్క ఎవరిదని అడుగుతారు. అప్పుడు మీ ఇంటి పేరే వస్తుంది. చట్టం అట్లుంచి, పంది కోర చీల్చిన కుక్కలను రాత్రిళ్లు నా బల్ల మీద ఎన్నింటిని కుట్టానో! పేగులు గుడ్డలో చుట్టి తెచ్చేవాళ్లు. బతికినవి కొన్నే. పరుగు కోసం పుట్టిన పల్చటి ఒళ్లు అది. పందిని ఎదిరించే మోటుతనం దానికి లేదు.

తిండి గురించి క్లుప్తంగా చెబుతాను. పెరుగన్నం ఒక్కటే పెడితే దాని కండకు సరిపోదు. రోజుకు రెండు పూటలు పెట్టు. మొత్తం మీద పావుకిలో ఉడికించిన కోడి మాంసం, రెండు ఉడికిన గుడ్లు, మిగతాది జొన్న గట్కో, మక్క గట్కో, అన్నమో, కొంచెం గుమ్మడికాయో క్యారెట్టో వేసి. చికెన్ సెంటర్‌లో కందనకాయలు తక్కువ ధరకు వస్తాయి, అవీ మంచివే. కార్జం వారానికి రెండుసార్లు కొద్దిగా. కారం, మసాలా, ఉల్లిగడ్డ, ఉడికిన బొక్కలు వద్దు. తిన్న వెంటనే పరుగు వద్దు, పరుగెత్తిన వెంటనే తిండి వద్దు, గంట ఎడం ఉండాలి. లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో కడుపు గాలితో ఉబ్బి మెలిక పడుతుంది. కడుపు డోలులా ఉబ్బి, వాంతి వచ్చినట్టు చేస్తూ ఏమీ రాకపోతే, అది రాత్రి రెండు గంటలైనా సరే ఆగొద్దు. కొన్ని గంటల్లోనే ప్రాణం పోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఎప్పుడన్నా ఆపరేషన్ అవసరమైతే, అది కుటుంబ నియంత్రణ ఆపరేషనే అయినా, "సార్, ఇది కార్వానీ, గ్రేహౌండ్ లాంటి జాతి" అని డాక్టరుకు ముందే చెప్పు. వీటి దగ్గరి పోలికైన గ్రేహౌండ్లలో కొన్ని పాత మత్తుమందులు, ముఖ్యంగా థయోపెంటోన్, తొందరగా దిగవు. కొవ్వు తక్కువ, కాలేయం ఆ మందును మెల్లగా విరుస్తుంది. ముందే తెలిస్తే డాక్టరు మందు మారుస్తారు.

మన దిక్కు చలి నీకు తెలియనిది కాదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో దాన్ని లోపల పడుకోనివ్వండి. సిమెంటు నేల మీద పడుకుంటే మోచేతుల దగ్గర చర్మం కాయ కాసి పుండు పడుతుంది. నాలుగు గోనె సంచులు మడిచి, పైన పాత చెద్దరు వెయ్యి.

మీ అక్క కొడుకు మీద గుర్రుమనడం చూసి అది పిచ్చిదైందని అనుకోవద్దు. ఈ జాతి సహజంగానే కొత్తవాళ్ల చేయి ఒంటి మీద పడనివ్వదు. గొలుసుకు కట్టి ఉంటే తప్పుకునే దారి కూడా ఉండదు. గుర్రుమనడం అంటే "దూరం జరుగు" అని చెప్పడం. దానికి కొడితే, ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. చిన్నపిల్లలను ఒంటరిగా దాని దగ్గరికి పంపకండి, నిద్రలో ఉన్నప్పుడు ముట్టుకోనివ్వకండి. రేబిస్ టీకా ఏడాదికోసారి పడాలి. మీ అన్నకు ఫోన్ చేసి చివరిది ఎప్పుడు వేయించాడో అడుగు. ఏడాది దాటి ఉంటే ఈ వారమే వేయించు. ఏటా జులై 6న చాలా పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు, కానీ అప్పటిదాకా ఆగే విషయం కాదు ఇది. నట్టల మందు మూడు నెలలకోసారి.

ఇక బెంగ. దానికి మనిషి పోయాడు, పరుగు పోయింది, రోజూ జరిగే తంతు పోయింది. మూడూ ఒక్కసారే. మనిషిని మనం తెచ్చివ్వలేం. మిగతా రెండూ నీ చేతిలో ఉన్నాయి. రోజూ ఒకే వేళకు నువ్వే తిండి పెట్టు, నువ్వే నడిపించు. మొదటి పది రోజులు దాన్ని పలకరించకుండా పక్కన కూర్చుని నీ పుస్తకం చదువుకో. ఈ జాతికి బలవంతపు ప్రేమ నచ్చదు, అదే వచ్చి తల ఆనిస్తుంది. మీ అన్న పాత అంగీ ఉతకకుండా ఉంటే దాని పక్కలో వెయ్యి. వీడియో కాల్‌లో అన్న గొంతు వినిపించడం నాకైతే నచ్చదు. గొంతు వినబడి మనిషి కనబడకపోతే గేటు దగ్గరికి పరుగెత్తి వెతుక్కునే కుక్కలను చూశాను. మీ అన్నకు దాని ఫోటోలు పంపు, చాలు.

అమ్మతో కొట్లాడకు. ఇంటి బరువంతా ఆమె మీదే ఉన్నప్పుడు కుక్క ఇంకో బరువులా కనబడుతుంది. రెండు నెలలు గడువు అడుగు. ఆ రెండు నెలలూ కోళ్ల జోలికి పోనివ్వకుండా, రాత్రి ఏడుపు లేకుండా చేసి చూపించు. అప్పటికీ మీ ఇద్దరి వల్ల కాకపోతే ఇచ్చేయడం తప్పు కాదు. కానీ ఎవరికివ్వాలో మీరే ఎంచుకోండి. ప్రహరీ ఉన్న తోటో, పెద్ద దొడ్డో ఉన్నవాళ్లు, వేట అలవాటు లేనివాళ్లు, ఎప్పుడన్నా చూడ్డానికి వస్తామంటే కాదనని వాళ్లు కావాలి. మీ అన్నను అడగకుండా మాత్రం ఇవ్వొద్దు.

రక్తపరీక్ష చేయిస్తే ఆ కాగితం ఫోటో తీసి పంపు. నెల తర్వాత మళ్లీ అదే కాంటా మీద, పొద్దున తిండికి ముందు తూచి, ఎన్ని కిలోలు ఉందో నాకు రాయి.